నూరు కూరలకు బదులు

శఠగోపాన్ని మా వీధిలో మొండివాడనే అనేవాళ్లం. నలభై ఆరేళ్లు, పెళ్లి లేదు, తిరుపతిలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం. పలకరిస్తే మొహం చూడడు. కుక్కర్ కూత వినబడితే చెవులు మూసుకుని వాకిట్లోకి వచ్చేస్తాడు. వాళ్ల నాయన ఆచార్యులు గారూ అంతే. యాభై ఏళ్లు గుళ్లో నా పక్కన కూర్చుని దివ్య ప్రబంధం చదివారు గానీ, నా కళ్లలోకి చూసింది లేదు. తండ్రి మొండి, కొడుకు జగమొండి అని వేళాకోళం చేసినవాళ్లలో నేనే ముందు.

నిరుడు లైబ్రరీకి వచ్చిన కొత్త పుస్తకాల్లో, ఆటిజంతో పెరిగి పెద్దయినవాళ్ల బతుకుల గురించి ఒకటి ఉంది. నంబరు వెయ్యబోయి, నిలబడే సగం చదివేశాడట. ఆ తర్వాత ఇంకో ఐదు తెప్పించుకున్నాడు. వేలూరు వెళ్లి డాక్టరుకు చూపించుకుంటే తనదీ ఆటిజమేనన్నారు. తెలుగులో తనకు దొరికినవన్నీ పిల్లల సంగతేనని, పనికొచ్చే ముక్కలు తానే తెలుగు చేసి నోటుబుక్కులో రాసుకున్నాడు. ఒక సాయంత్రం అది తెచ్చి నా ముందు పెట్టాడు.

"మామా, ఈ పేజీ సూడు. ఇది నా గురించి గాదు, నాయన గురించి."

కొందరికి కొన్ని రుచులు గొంతు దిగవు, అది మొండితనం కాదు, ఒళ్లే ఒప్పుకోదు అని రాసి ఉంది. నోటుబుక్కు మూసేశాను.

మూడేళ్ల కిందట ఆచార్యులు గారు మంచాన పడ్డప్పుడు, షుగరుకు మంచిది, కాకరకాయ రసం పట్టించమన్నది నేనే. ఆయన బుద్ధెరిగి కాకరకాయ ముట్టలేదు. నోరు తెరవడం లేదంటే, దవడ పట్టుకుని పొయ్యరా అన్నదీ నేనే. శఠగోపం చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. పందొమ్మిది రోజులు, పొద్దున ఆరింటికి పోశాడు. ఇరవయ్యో రోజు ఆయన లేరు.

"పొద్దున ఆరయితే నాయన దవడ నా అరచేతికి తగల్తా ఉండాది మామా. ఎన్నిసార్లు కడిగినా పోదు" అన్నాడు. చెప్పింది నువ్వే కదా అని మాత్రం ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

తద్దినం దగ్గరపడింది. ఈసారి కాకరకాయ వద్దన్నాడు. పురోహితుడు మండిపడ్డాడు.

"కాకరకాయ లేని తద్దినం యాడన్నా ఉండాదా? అదొక్కటి నూరు కూరలకి సమానమని శాస్త్రం."

"అట్లయితే నూరు కూరలు వండిస్తా" అన్నాడు శఠగోపం.

హాస్యానికి అనలేదు. మూడు రోజులు మార్కెట్లన్నీ గాలించాడు. తద్దినానికి పనికొచ్చేవి వెతగ్గా వెతగ్గా ఇరవై రెండు దొరికాయి. వాళ్లక్క పెరుందేవి నెత్తి కొట్టుకుంటూనే అన్నీ వండింది. ఆ విస్తరి చూశాక పురోహితుడు కూడా దర్భలు సర్దుకుని కూర్చున్నాడు.

ఈ రోజుల్లో భోక్తలు దొరకడం గగనం. తండ్రి స్థానంలో కూర్చుని తినడానికి శఠగోపం నన్నే పిలిచాడు. ఏ మొహంతో కాదనను? తిన్నంతసేపూ ఎదురుగా నిలబడి, పుట్టి ఇన్నేళ్లకు మొదటిసారి, నా మొహంలోకే చూశాడు. ముద్ద ముద్దకీ భయమేసింది నాకు.

భోజనమయ్యాక, తృప్తి కలిగిందా అని కొడుకు సంస్కృతంలో అడగాలి. కలిగిందని భోక్త చెప్పాలి. అందరికీ తెలిసిన తంతే. శఠగోపం మంత్రం వదిలేసి తెలుగులో అడిగాడు.

"నాయనా, తెలీక చేసినాను. ఇప్పుడన్నా కడుపు నిండిందా?"

పెరుందేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చేసింది నువ్వు కాదురా, చేయించింది నేను అని అరవాలనిపించింది. తండ్రి స్థానంలో కూర్చుని ఆ మాట ఎలా అనను?

"నిండింది రా" అన్నాను.

అతను నమ్మాడు. నేల మీద బోర్లా పడి, దవడ పట్టుకుని పొయ్యమన్నవాడి కాళ్లకు మొక్కాడు.