కత్తి పడనివ్వని డాక్టరు

ఆంత్రాక్స్‌తో చచ్చిందన్న అనుమానం ఉంటే చాలు, ఆ గొడ్డు మీద పశువుల డాక్టరు కత్తి పడనివ్వడు. కోస్తే లోపలి క్రిమి గాలి తగిలి పెంకు కట్టుకుంటుంది, మట్టిలో ఏళ్ల తరబడి చావదు. కోయకపోతే ఆ కుళ్లులోనే చస్తుంది. "తోలైనా తీసుకోనివ్వండి సార్" అని గొడ్డు యజమాని ఎంత బతిమాలినా వినడు. ఇంట్లోనూ అదే పద్ధతి. కూతుర్ని గెంటేసిన రోజు నుంచి ఆ పిల్ల ఊసే ఎత్తనివ్వడు. ఒక సాయంత్రం అతను పని నుంచి వచ్చి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటుంటే, నీళ్లు పోస్తున్న భార్య అడిగింది: "అమ్మాయి చేసిన తప్పేంటో ఇప్పటికైనా చెప్పండి."

"కెలక్కు. మూసి ఉంచితే ఆ గొడవ దానంతటదే చస్తుంది."

ఆమె మగ్గు కింద పెట్టేసింది. "కోయని గొడ్డులో చస్తుందండీ. నన్ను మీరు ఆ రోజే కోసేశారు."