టీచరమ్మ రాసిన జనాభా లెక్క

కువైట్‌లో మా సాల్మియా బేకరీ ముందు నిలబడితే వేడి ఖుబ్జు రొట్టె వాసనకు ఎవరికైనా ఆకలేస్తుంది. నాకు మాత్రం కాంతమ్మ టీచరు గుర్తొస్తుంది. ఇరాక్ సైన్యం వచ్చిపడిన వేసవిలో మా తెలుగువాళ్లం ఒక బడిలో తలదాచుకుంటే, ఆ రొట్టెను తుంచి పంచింది ఆమే. విజయవాడ మనిషి, ఆ బడిలోనే లెక్కలు చెప్పేది. నేను కడప వైపు దాన్ని, కువైటీల ఇంట్లో పనిమనిషిని, వేలిముద్ర మనిషిని. నా మొగుడు దూరాన వఫ్రాలో గొర్రెలు కాసేవాడు. ఎప్పుడొస్తాడా అని గేటు కాడే కూర్చునేదాన్ని.

టీచరమ్మ ప్రతి మనిషినీ కాగితాల మీద రాసేది: పేరు, తండ్రి పేరు, ఊరు. ఇంకా రావలసిన వాళ్లనూ రాసి, వచ్చినాక ఎదురుగా ఎర్ర సిరాతో గుర్తు పెట్టేది. "మనల్ని లెక్కపెట్టే సర్కారు ఇప్పుడు లేదు. మనమే లెక్కపెట్టుకోవాలి" అనేది. నా వంతు వచ్చింది. మొగుడి పేరు నోటితో ఎట్లా చెప్పేది? తల వంచుకున్నా. పక్కనే ఉన్న మా ఊరి సుబ్బక్క అందుకుంది. "ఓబులేసు! రాసుకో టీచరమ్మా. సిగ్గు దానికి గానీ నాకేం? వాని గొర్రెలు గూడా ఆ పేరే పిలుస్తాయి." ఏడుపు మొహాలన్నీ ఒక్కసారి నవ్వాయి.

ఆయన రాకముందే నన్ను ఇండియా దారి పట్టే బస్సెక్కించారు. టీచరమ్మ ఆఖరి బస్సు దాకా ఉండిపోయింది. దారిలో సోదాలు చేస్తున్నారని కాగితాలు బడి కాపలా ముసలాయన చేతికిచ్చి వచ్చిందట. యుద్ధం ముగిసి నేనూ టీచరమ్మా మళ్లీ కువైట్ చేరేసరికి ఆ ముసలాయనా లేడు, కాగితాలూ లేవు. నా మొగుడి జాడా లేదు.

"నేను పోయినాక ఆయన బడికి వచ్చినాడా టీచరమ్మా?"

"గుర్తులేదు నారాయణమ్మా. ఎన్ని మొహాలని! వచ్చుంటే రాసే ఉంటాను."

"వచ్చినాడనే చెప్పరాదా, నా మనసు కుదుటపడుతుంది."

"తెలియనిది చెప్పను."

ఒళ్లు మండింది. కొన్నాళ్లు ఆమె గడప తొక్కలేదు. ఆమే నన్ను వెతుక్కుంటూ వచ్చి పలక చేతిలో పెట్టింది. "రేపు ఆ కాగితాలు దొరికేనాటికి నేను లేకపోతే నీకెవరు చదివిపెడతారు? కూర్చో." సెలవు దొరికిన శుక్రవారమల్లా ఆమె వంటింట్లో అక్షరాలు దిద్దాను. పిండి పిసికి మొద్దుబారిన వేళ్లు, వంకర గీతలు. ఊరికే బాగుందని ఏనాడూ అనలేదు. నిజంగా బాగున్న రోజు మాత్రం టీ పెట్టి ఇచ్చింది.

ఆమె పోయిన చాలా ఏళ్లకు, ఆ బడిలో పాత వేదిక పీకితే చెక్కల కింద ఆ ముసలాయన దాచిన కాగితాలు బయటపడ్డాయి. ఆమె కూతురు నా దగ్గరికి తెచ్చింది. "చదివి పెట్టనా పిన్నీ?" అంది. వద్దన్నా. పెళుసుబారిన కాగితం మీద వేలు పెట్టి ఒక్కో పేరూ కూడబలుక్కున్నా. సుబ్బక్క ఉంది. నేనున్నా. నా కింద ఆయన. పేరు, ఊరు, వఫ్రా. ఎదురుగా ఎర్ర గుర్తు లేదు. ఆఖరి బస్సు ఎక్కినవాళ్ల కాగితం కూడా చూశా. అక్కడా లేడు.

మీ ఆయన ఎక్కడని అడిగితే అన్నేళ్లూ "వస్తాడు" అనేదాన్ని. ఇప్పుడు "రాలేదు" అంటాను. కొత్తగా వచ్చిన పనిపిల్లలు, అంత మాట ఎట్లా అంటావమ్మా అని నొచ్చుకుంటారు. నా గొంతు గట్టిగానే ఉంటుంది. ఆ మాట అన్నాక ఖుబ్జు తుంచి వాళ్ల చేతుల్లో పెడతాను.