రుక్మాపూర్ దాకా పువ్వు

మా ఇంట్లో పూలు పెంచింది పూలు పెట్టుకోకూడని మనిషి. ఆమె మా మేనత్త, మా నాయినకు ఒక్కగానొక్క చెల్లెలు. పన్నెండో ఏట పెళ్ళయి దౌల్తాబాద్ పోయింది, పద్నాలుగో ఏట తాండూరుకు తిరిగొచ్చింది. జ్వరం తగిలి తొమ్మిది రోజుల్లో, మొగుడైన ఆ పిల్లవాడు పోయాడట. తలలో పూలు తీయడానికి చుట్టాల ఆడవాళ్ళు వస్తే మా నాయనమ్మ ఒక్కరినీ దగ్గరికి రానీయలేదట. "నా బిడ్డె. నేనే తీస్త" అని తన చేతులతోనే తీసిందట. ఈ సంగతి అమ్మ నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ గొంతు తగ్గించేది.

నాకు ఊహ తెలిసేటప్పటికి అత్తమ్మకు ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. తెల్ల చీర, బొట్టు లేని నుదురు, చేతికి గాజుల్లేవు. నాయిన బండల వ్యాపారం చేసేవాడు కనుక మా పెరట్లో పగిలిన బండలకు కొదవ లేదు. ఆ ముక్కలను నిలువుగా పాతి, మధ్యలో మట్టి నింపి, అత్తమ్మ చామంతులూ కనకాంబరాలూ వేసింది. పొద్దున్నే కోసి, దండలు కట్టి, వీధిలో ప్రతి ఇంటికీ పంపేది. అమ్మ తలలో ఆమె పూలే, నా జడలో ఆమె పూలే. నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం, మూర తగ్గిందని కాళ్ళు నేలకేసి కొట్టి ఏడ్చిన రోజులున్నాయి. ఆమె తల ఎందుకు బోసిగా ఉందని మాత్రం ఒక్కనాడూ ఏడవలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

పోలీసు చర్య జరిగిన నాలుగైదేళ్ళకు నాయిన వికారాబాదులో రైల్వే వాళ్ళ బంగళాకు బండలు వేయించాడు. అక్కడి ఆఫీసరు మెచ్చి, చలికాలంలో జరిగే పూల నుమాయిష్‌కు కార్డు ఇచ్చాడు. మొదటి ఏడు నాయిన ఒక్కడే పోయి వచ్చి, రాత్రి అన్నం తింటూ ఆ ముచ్చట చెప్పాడు. బల్లల మీద తెల్ల గుడ్డలు పరిచారనీ, సీసాల్లో పూలు పెట్టారనీ, ఊరి పెద్దలంతా వాటి మధ్య తిరుగుతూ కప్పుల్లో చాయ్ తాగారనీ చెప్పాడు.

నాయనమ్మకు ఒళ్ళు మండింది. "దేవునికి వెట్టక, తలల వెట్టక, సీసాల వెట్టుకొని చూసుడేంది? పనిలేనోళ్ళు!"

అత్తమ్మ మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. "ఉత్త చూసుడేనా అన్నా? ఎవ్వలు ఎవ్వలకు వెట్టరా?"

"వెట్టరు. చూస్తరు, చాయ్ తాగుతరు, వస్తరు."

అత్తమ్మ గిన్నె కింద పెట్టింది. తర్వాత చాలా మెల్లగా, "గట్లయితే నేను గూడ చూడొచ్చు గదా" అంది.

ఆ మాటకు నాయిన కలుపుతున్న అన్నం అట్లాగే వదిలేశాడు. మరుసటి ఏడు కార్డు రాగానే నన్ను తీసుకుపోతానన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లను చూసుకోను ఒక ఆడమనిషి ఉండాలన్నాడు. అమ్మ చంటిపిల్లతో కదల్లేదన్నాడు. నాయనమ్మ మూతి ముడిచింది గానీ వద్దనలేదు. నాయిన అబద్ధం ఆమెకు తెలియదని నేను అనుకోను.

మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కాం. అంత తీరుబడిగా పోయే బండిని నేను మళ్ళీ చూడలేదు. రుక్మాపూర్ లో ఆగింది, ధారూర్ లో ఆగింది, మధ్యలో ఎందుకో ఊరికే ఆగి నిట్టూర్చింది. కిటికీ బయట కంది చేలు పసుపు పూతతో ఎండలో ఊగుతున్నాయి. దూరంగా గొర్రెల మంద ఒకటి కదులుతోందో నిలబడిందో తెలియలేదు. అత్తమ్మ పైట చెంగు తలమీద సర్దుకుని, కళ్ళలో బొగ్గు నలుసు పడుతున్నా కిటికీ దగ్గర నుంచి జరగలేదు. పన్నెండేళ్ళలో ఆమె ఎక్కిన మొదటి రైలు అది. నిద్రలో నవ్వుతున్న మనిషి ముఖం ఎట్లా ఉంటుందో ఆమె ముఖం అట్లా ఉంది.

వికారాబాదు స్టేషను దాటి నాలుగడుగులు వేస్తే చింతచెట్ల కింద షామియానా. లోపల వెలుతురు కూడా పలచటి పసుపు రంగులోనే ఉంది. పిడికిలంత గులాబీలు, పళ్ళెమంత డాలియాలు, నేను పేరు ఎరగని ఊదారంగు పూలు. నాకు గులాబీలు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చవు, చూడమని మీదపడతాయి. అత్తమ్మ మాత్రం ఒక్కొక్క సీసా ముందూ ఆగింది. ముట్టుకోలేదు, వంగి చూసింది, ఇంకోదాని దగ్గరికి పోయింది. తడి మట్టి వాసన, పూల వాసన, ఎక్కడో మరుగుతున్న చాయ్ వాసన కలిసి వస్తున్నాయి. ఈనాటికీ మధ్యాహ్నం చాయ్ కప్పు ముఖం దగ్గరికి తెచ్చుకుంటే ఆ షామియానా గుడ్డ గాలికి ఉబ్బడం కనిపిస్తుంది.

వికారాబాదులో క్రైస్తవుల బడి ఒకటి ఉండేది. అందులో పంతులమ్మలు తెల్ల చీరలు కట్టేవాళ్ళు, బొట్టు పెట్టుకునేవాళ్ళు కాదు, సిగలో మాత్రం పువ్వు పెట్టుకునేవాళ్ళు. నుమాయిష్‌లో చాయ్ పోసే పని వాళ్ళదే. వాళ్ళలో పెద్దావిడ, బొద్దుగా నవ్వుమొహంతో ఉండే నలభై ఏళ్ళ మనిషి, తెల్ల చీరలో బొట్టు లేకుండా నిలబడ్డ మా అత్తమ్మను చూసి తమ మనిషే అనుకుంది.

"ఏ ఊరు బడి, చెల్లె?"

"తాండూరు" అంది అత్తమ్మ. ఊరు అడిగారనే అనుకుంది పాపం.

"మంచిగొచ్చినవ్. జర ఈ కేటిలి పట్టు, నా చేతులు వడిపోతున్నయ్."

ఇంట్లో మా నాయనమ్మ చాయ్ పొడి రానిచ్చేది కాదు, అది హోటళ్ళలో మగవాళ్ళు తాగేదని ఆమె లెక్క. అట్లాంటి ఇంటి మనిషి ఒక గంటసేపు తాలూకా కచేరీ వాళ్ళకూ, రైల్వే వాళ్ళకూ, వాళ్ళ భార్యలకూ చాయ్ పోసింది. అందరూ "టీచరమ్మా, ఇటు" అని పిలిచారు. అశుభమని ఎవరూ పక్కకు తప్పుకోలేదు. చివరికి తనూ ఒక కప్పు తీసుకుని కుర్చీలో కూర్చుని, ఉప్పు బిస్కెట్టు ముంచుకుని తింది. నాకు మతి పోయింది. మా ఇంట్లో ఆమె కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు.

పొద్దు వాలాక ఆ పెద్ద టీచరమ్మ సీసాల్లోంచి పూలు తీసి, చాయ్ పోసిన ఆడవాళ్ళకు తలా ఒకటి పెడుతూ వచ్చింది. అది వాళ్ళ మర్యాద. అత్తమ్మ దగ్గరికి వచ్చి, అడగకుండానే, ఒక పచ్చ చామంతిని సిగలో దోపేసింది.

అత్తమ్మ బిగుసుకుపోయింది. షామియానా అవతలి నుంచి నాయిన చూశాడు. చేతిలో కప్పు. మా చూపులు కలిశాయి. ఆయన మెల్లగా డాలియాల వైపు తిరిగి, కప్పు పైకెత్తి తాగడం మొదలుపెట్టాడు. ఆ కప్పు ఎప్పుడో ఖాళీ అయిందని నాకు తెలుసు, చివరి గుక్క నేనే తాగాను.

తిరుగు బండి ఎక్కాం. ఎర్రటి ఎండ పెట్టెలోకి వచ్చి ఆమె తెల్ల చీర మీద పడింది. పువ్వు ఆమె తలలోనే ఉంది. ధారూర్ దాటింది. రుక్మాపూర్ లో బండి ఆగింది, ఆ తర్వాత మా తాండూరే. అప్పుడు ఆమె చెయ్యి పైకి లేచింది. పువ్వు తీసి నా జడలో గుచ్చింది.

"ఇంట్ల చెప్పకు, బిడ్డ."

ఆ తర్వాత ఏటా పోయాం. ఏడాదంతా నాకు ఆ ఒక్క రోజు కోసమే చలికాలం వచ్చినట్టుండేది. అదే బండి, అదే కంది చేలు, అదే చాయ్, అదే టీచరమ్మ, ఏటా ఒక పువ్వు. రుక్మాపూర్ రాగానే అది నా జడలోకి వచ్చేది. మొదటి ఏడు నాకు సంబరంగానే ఉండింది. మూడో ఏటికి ఆ స్టేషను పేరు వింటేనే కోపం వచ్చేది. ఈసారైనా బండి అక్కడ ఆగకుండా పోవాలని దేవుడికి మొక్కుకునేదాన్ని. ఆ పువ్వు ఆమె తలలోనే ఇల్లు చేరాలని నా కోరిక. నోరు విప్పి ఎవరితో అనాలో మాత్రం తెలియలేదు.

నాలుగో ఏడు నాకు పన్నెండు నడుస్తున్నాయి. పూలు చూశాం, చాయ్ తాగాం. పొద్దు వాలే వేళ టీచరమ్మ పువ్వు పట్టుకుని అత్తమ్మ దగ్గర కూర్చుంది.

"మా బడిల ఒక జాగ ఖాళీ ఉన్నది, చెల్లె. తాండూరు ఇడిచి ఇక్కడికి రారాదు? నీ అసొంటి ఓపికున్నోళ్ళు గావాలె."

అత్తమ్మ కేటిలి బల్ల మీద పెట్టింది. అంతా అయిపోయిందనుకున్నాను.

"అక్కా, నేను టీచర్ను గాను. నాకు సంతకం తప్ప సదువు రాదు. మీ మతం దాన్ని గూడ గాను. నా మొగడు సచ్చిపోయిండు, గందుకే బొట్టు లేదు. నాలుగేండ్ల సంది మీతోని అబద్ధమాడిన."

టీచరమ్మ చాలాసేపు ఆమెనే చూసింది. నేను నాయిన కోసం వెతికితే ఆయన రెండు బల్లల అవతల నిలబడి ఉన్నాడు, మాటలు వినపడేంత దూరంలోనే.

"నువ్వెప్పుడు అబద్ధమాడినవ్? నువ్వు టీచరువేనా అని నేను అడగనేలే" అంది టీచరమ్మ. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మా ఆయన పోయి గూడ ఏడేండ్లాయె. నా తలల పువ్వు నీకు కనవడ్తలేదా?" అంది.

అత్తమ్మ తలెత్తి చూసింది. ఆమె సిగలో తెల్ల చామంతి. నాలుగేళ్ళుగా ఆ సిగలో పువ్వు ఉంది, నాలుగేళ్ళుగా మేం చూస్తూనే ఉన్నాం.

టీచరమ్మ ఈసారి పువ్వు పెట్టలేదు. అరచేతిలో పెట్టుకుని ముందుకు చాపింది. "వెట్టమంటే వెడ్త. వద్దంటే మల్ల సీసాల వెడ్త."

అత్తమ్మ ఆ పువ్వు తీసుకుంది. తనే సిగలో పెట్టుకుంది. పద్నాలుగో ఏడు తర్వాత ఆమె తన చేత్తో పువ్వు పెట్టుకోవడం అదే మొదటిసారి. అలవాటు తప్పిన చెయ్యి, ఒక పక్కకు వంకరగా కుదిరింది.

బండిలో నేను ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. ధారూర్ పోయింది. ఎండ పోయింది. రుక్మాపూర్ వచ్చింది. ప్లాట్‌ఫారం మీద ఎవరో కందిల్ దీపం పట్టుకుని నడిచారు. నేను ఆమె చేతుల వైపే చూస్తున్నాను. అవి ఒళ్ళో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. బండి కదిలింది. నేను ఉండబట్టలేక, "అత్తమ్మా, రుక్మాపూర్ వోయింది" అన్నాను.

"ఎరుకనే" అంది, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

తాండూరులో దిగాం. దీపాలు పెట్టే వేళ, వీధులన్నీ మేలుకునే ఉన్నాయి. నాయిన గొంతు సవరించుకున్నాడు. "టాంగ మాట్లాడాల్నా, చెల్లె? పర్దా కట్టిన టాంగ దొరుకుతది."

"వద్దన్నా. నడుస్త."

నాయిన సంచీ భుజానికి తగిలించుకుని ముందు నడిచాడు. రోజూ గబగబా నడిచే మనిషి, ఆ రోజు చాలా నిదానంగా, వీధి నడిమధ్యన నడిచాడు. గడపల్లో ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. వాళ్ళ తలల్లో పొద్దున అత్తమ్మ కట్టి పంపిన పూలే ఉన్నాయి. ఒకామె చెంబు వంచి కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటున్నదల్లా నీళ్ళు అయిపోయినా వంచే ఉంది. నేను అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి చల్లగా ఉంది.

నాయనమ్మ మా గడప మీదే కూర్చుని ఉంది. ముందు నాయినను చూసింది, తర్వాత నన్ను, తర్వాత అత్తమ్మ తలను. లేచి నిలబడింది. నాయిన నోరు తెరవబోయాడు. నాయనమ్మ ఆయన వైపు చూడనే లేదు.

"ఎవలు వెట్టిన్రు?"

"నేనే వెట్టుకున్న, అవ్వా."

నాకు నాయనమ్మ మీద పుట్టెడు కోపం వచ్చింది. ఆమె ఏమన్నా సరే, తిరిగి అరవాలని పళ్ళు బిగించాను. ఆమె మెట్టు దిగి వచ్చింది. రెండు చేతులూ పైకెత్తింది. తీసేస్తుందని కళ్ళు మూసుకున్నాను.

"జారుతున్నది. ఇటు తిరుగు, బిడ్డ" అంది నాయనమ్మ.

కళ్ళు తెరిచేటప్పటికి అత్తమ్మ వీపు తిప్పి తల వంచి నిలబడి ఉంది. నాయనమ్మ సిగను ఒక చేత్తో పట్టుకుని, వంకరగా ఉన్న ఆ పువ్వును లోపలికి గట్టిగా దోపుతోంది.