చున్నీ కింద ఆరని బట్టలు

పుప్పాలగూడలో మా బాల్కనీకి మధ్యాహ్నం కాసేపు ఎండ వస్తుంది. ఆ ఎండలో ఆరిన నూలుబట్ట వాసన తగిలితే నాకు లక్ష్మక్క గుర్తొస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గోపన్‌పల్లిలో ఉన్న ఆడపిల్లల హాస్టల్ ఆవిడదే. పుట్టి పెరిగింది ఆ ఊళ్లోనే. మెల్లగా మాట్లాడటం ఆవిడకు చేతకాదు.

హాస్టల్లో అందరం లోదుస్తులను గదిలోనే, తాడు మీద చున్నీ కింద దాచి ఆరేసేవాళ్లం. ఎవరి ఇంటి నుంచి వాళ్లు తెచ్చుకున్న అలవాటు అది. ఆ వానాకాలం అవి సరిగా ఆరనేలేదు. చెమ్మతోనే తొడుక్కుని ఆఫీసుకు పరుగెత్తేదాన్ని. కొన్నాళ్లకు కింద దురద, మంట, విరిగిన పాలలా తెల్లబట్ట మొదలయ్యాయి. మందుల షాపులో ఏదో ట్యూబు కొని రాశాను, కాస్త తగ్గగానే మానేశాను. మళ్లీ వచ్చింది. ఘాటైన సబ్బుతో కడిగితే మంట ఇంకా పెరిగింది. ఆఫీసులో కుర్చీలో కూర్చోలేను. పెళ్లికాని పిల్లను, డాక్టరు దగ్గరికి వెళ్తే ఏమనుకుంటారోనని భయం. చివరికి ఉద్యోగం వదిలేసి మా ఊరు కర్నూలు పోదామని పెట్టె సర్దుకున్నాను.

"ఏందే, యాడికి?" అంది లక్ష్మక్క గుమ్మంలో నిలబడి. ఏడుస్తూ చెప్పేశాను.

"గింత దానికే కొలువు ఇడిచిపెడ్తవా? జరమొస్తే గిట్లనే పోతవా? ఇగ లే, దవాఖానకు పోదాం."

డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇది ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ అనీ, ఎందరో ఆడవాళ్లకు వచ్చేదేననీ చెప్పింది. రాత్రి పడుకునే ముందు లోపల పెట్టుకునే మాత్రలు రాసింది. "దురద తగ్గిందని మధ్యలో ఆపొద్దమ్మా. అక్కడ సబ్బులు వద్దు. తడిబట్టలు వేసుకోకు. తిరగబెట్టింది కాబట్టి షుగర్ కూడా చూద్దాం."

"ఈ పోరీలందరు చున్నీ కిందనే ఆరేస్తున్రు డాక్టరమ్మా!" అంది లక్ష్మక్క, బయట కూర్చున్నవాళ్లందరికీ వినపడేలా. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

షుగర్ లేదని తేలింది. మర్నాడు ఆవిడ డాబా మీద, ఎండ పడేచోట కొత్త తీగ కట్టించి, ముందుగా తన బట్టలే ఆరేసింది.

"ఎదురు బిల్డింగ్ వాళ్లు చూస్తారక్కా," అన్నాను.

"చూడనీ. ఆళ్లింట్ల ఆడోళ్లు లేరా ఏంది?"

కొన్నాళ్లు ఆ తీగ మీద ఆవిడ బట్టలే ఊగాయి. తర్వాత నావి చేరాయి. ఆ తర్వాత మాకు ఆ తీగ చాలలేదు. నేను ఈసారి మందు చివరిదాకా వాడాను. దురద, మంట పోయాయి. పెట్టెలోంచి బట్టలు తీసి మళ్లీ అలమరలో పెట్టుకున్నాను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన మా ఆడపడుచు కూతురు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. నిన్న బాల్కనీలో బట్టలు ఆరేసి, వాటి మీద చున్నీ కప్పింది. వెళ్లి తీసేశాను.

"ఎదురింటివాళ్లు చూస్తారత్తా!" అంది.

"చూడనీ," అన్నాను, ఎదురింటికి వినపడేంత గట్టిగా.