ఎర్రదారంతో కట్టిన జత

ఆ రోజు మాస్టారి ఎదుట కూర్చుని, “వయసు మీద పడుతోంది కదండీ, చెవులు అలాగే ఉంటాయి” అన్నాను. ఆయన చెవులకు ఏమీ కాలేదని నాకు తెలుసు.

నరసాపురంలో మావి పక్కపక్క ఇళ్లు. ఆయన బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. లూథరన్ చర్చిలో పాటల బృందాన్ని నడిపేవారు. ఊళ్లో అందరూ సీడీ ప్లేయర్లు కొంటున్న రోజుల్లో మేమిద్దరం ఒకే నమూనాలో చేయించుకున్న వాల్వు యాంప్లిఫయర్లను వదల్లేదు. నేను దొరికిన ప్రతి పాటా వినేవాణ్ణి. ఆయన ఒక్క క్యాసెట్టే వినేవారు. చనిపోయిన భార్య ఇంట్లో కీర్తనలు పాడుకుంటుంటే రికార్డు చేసిన క్యాసెట్టది.

రెండు పెట్టెల్లోనూ వాల్వులు, అంటే పాటకు బలమిచ్చే గాజు బుడ్లు, నీరసించాయి. రాజమండ్రి వెళ్తూ, ఆయనకీ తెస్తానన్నాను. అక్కడి ముసలి రేడియో మెకానిక్కు దగ్గర నాలుగే మిగిలాయి. ఒక్కొక్కదాన్నీ మీటరుకు పెట్టి చూశాడు. కుడి స్పీకరుకొకటి, ఎడమ స్పీకరుకొకటి. రెండింటి బలం సమానంగా ఉండాలి. అలాంటివి రెండే తేలాయి. తన అలవాటు ప్రకారం వాటిని ఎర్రదారంతో కలిపి కట్టాడు.

“సొంత అన్నదమ్ములు కూడా ఇంత సమానంగా ఉండరండి. విడదీశారంటే మళ్లీ నా దగ్గరికి రాకండి.”

“మరి మిగతా రెండూ?”

“ఒకడు పహిల్వాను, ఒకడు జ్వరం నుంచి లేచినోడు. పనిచేస్తాయి. పాట మాత్రం ఓ పక్కకి లాగేస్తుందండి.”

నాలుగూ తీసుకున్నాను. జత మాస్టారికే అనుకుని రైలెక్కాను. భీమవరం దాటేసరికి మనసు మారింది. ఒక్క క్యాసెట్టుకి, ఆ వయసులో, తేడా ఏం తెలుస్తుందనుకున్నాను. ఇంటికి వచ్చి దారం విప్పి, జతను నా పెట్టెలో పెట్టుకుని, ఆ దారాన్ని మిగతా రెండింటికీ కట్టాను. ముడి కూడా మెకానిక్కు వేసినట్టే వేశాను. ఆ దారానికి అర్థమేమిటో మాస్టారికి తెలుసు. ఇంకేమీ అడగకుండా తీసుకున్నారు.

రెండు వారాల తర్వాత పిలిచి క్యాసెట్టు పెట్టారు.

“ఆవిడ ఎప్పుడూ మధ్యలో, ఆ ఫొటో కింద నిలబడి పాడినట్టుండేది బాబూ. ఇప్పుడు కుడి పక్క తలుపు దగ్గరికి వెళ్లిపోయింది. వాల్వులు చూస్తే జతే. అంటే నా ఎడమ చెవే పోయింది. చెవి లేనివాడు ఇంకొకళ్లకి శ్రుతేం చెబుతాడు? ఈ ఆదివారంతో మానేస్తానని పాస్టరు గారికి చెప్పేశాను.”

నేను వయసు మాట అన్నది అప్పుడే. ఆయన తలూపి, ఎడమ చెవిని ఒకసారి తడుముకున్నారు.

మూడు రోజులు నా పెట్టె ముట్టలేదు. శనివారం పొద్దున్నే వాల్వులు రెండూ ఊడదీసి, జేబురుమాల్లో చుట్టుకుని వెళ్లి, జరిగిందంతా చెప్పాను. ఆయన జేబురుమాలు విప్పి వాల్వులు రెండూ చూశారు.

“పెట్టు” అన్నారు.

మార్చాను. అవి వేడెక్కాక గొంతు ఫొటో కిందకు వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని కీర్తన పూర్తిగా విన్నారు.

“వాల్వులు మార్చినందుకు కాదు బాబూ నాకు బాధ. వయసన్నావు చూడు, అందుకు.”

“పాస్టరు గారికి నేనే చెబుతానండి.”

“అందరూ ఉండగా చెప్పు. అందరి ముందే మానేస్తానన్నాను.”

ఆదివారం ఆరాధనకు ముందు చర్చి వరండాలో, పాటల బృందం వింటుండగా పాస్టరు గారికి చెప్పాను. బృందంలోని ఒక పెద్దావిడ, “మాస్టారి చెవి నిక్షేపంలా ఉంది. చూపించుకోవాల్సింది మీ బుద్ధినండీ” అంది. ఎవరూ నవ్వలేదు. నేను వెనక బెంచీ మీద కూర్చుని, ఆయన చివరి పాటకు శ్రుతి ఇచ్చేదాకా ఉన్నాను.

సరిపడని ఆ రెండింటినీ నా పెట్టెలోనే పెట్టుకున్నాను. కొన్ని నెలలకు మెకానిక్కు దగ్గర మరో జత దొరికింది. దారం విప్పకుండా తీసుకెళ్లి, ముందుముందు పనికొస్తుందని మాస్టారి బల్ల మీద పెట్టి వచ్చాను.