రాజేశం మామ ఇంటి పెళ్లిలో నా ఎర్ర తువ్వాళ్లు

ఒక్క పెళ్లిలో యాభై మంది పెద్దమనుషుల మొహాలకు ఎర్రరంగు పూసిన ఘనుడిని నేను. పగబట్టి కాదు, తెలివితోనే చేశాను. ఆ తెలివి ఏపాటిదో మీరే చూడండి.

ఎనభైల చివర్లో సంగతి. సోలాపూర్ అశోక్ చౌక్ దగ్గర మాది ఒక్క గది ఇల్లు, అందులోనే ఒక మగ్గం. నాకు ఇరవై నాలుగేళ్లు నిండాయి, బుద్ధి మాత్రం ఇంకా పుట్టలేదు. కూలినేత మానేసి సొంతంగా తువ్వాళ్లు నేయడం మొదలుపెట్టి, రెండో మగ్గం కోసం నేతగాళ్ల సొసైటీలో అప్పుకు కాగితం పెట్టాను. చైర్మన్ సంతకం ఒక్కటే మిగిలింది. అది పడితే నాకూ ఒక కార్ఖానా. పడకపోతే మళ్లీ కూలికే.

మా వాడలో ముప్పై ఏళ్లుగా కార్ఖానా నడిపిస్తున్న రాజేశం మామ ఒకరోజు పిలిచాడు.

"అరే నర్సింగ్, మా బిడ్డ లగ్గానికి టవళ్లు నీ దగ్గర్నే తీసుకుంట. నూలు షావుకార్లు వస్తరు, చైర్మన్ సాహెబ్ వస్తడు. అందరి భుజాల మీద నీ టవలే ఉంటది. ఇంకేం గావాలె నీకు?"

మా దగ్గర పెళ్లికొచ్చిన మగవాళ్లకు తువ్వాలు, తెల్ల టోపీ పెట్టి మర్యాద చేస్తారు. అంటే నన్ను పైకి తీసుకురావడానికి మామ తన కూతురి పెళ్లినే వాడుకుంటున్నాడు. ఈ వెధవకి అర్థమైతే కదా!

"రంగు నాకు తెల్సిన కాడ వేయిద్దాం," అన్నాడు మామ.

"నాకొస్తది మామా."

"నూలు రంగుల ఉడికినంక నీళ్లు తెల్లగ వచ్చేదాక జాడియ్యాలె. యాదుంటదా?"

"యాదుంటది. నువ్వు పరేషాన్ గాకు."

యాదున్నది నిజమే. కానీ మొదటి జాడింపుకే ఎర్రటి నీళ్లు మోరీలోకి పోతుంటే నా ప్రాణం విలవిల్లాడింది. కొన్న రంగు మోరీకి తాగించడానికా? పైగా జాడిస్తే మెరుపు తగ్గుతోంది. ఇంత చిన్న సంగతి ముప్పై ఏళ్లలో మామకు తట్టలేదే అని జాలి కూడా పడ్డాను. అక్కడితో ఆపి నూలు ఆరేశాను.

బీడీలు చుడుతూ అమ్మ చూసింది. "మామకు ఒక్కసారి చూపియ్యి బిడ్డా."

"వద్దు. నా కాళ్ల మీద నేనే నిలబడ్డ అని చెప్పుకోవాలె."

"మరి ఆర్డర్ ఇచ్చిందెవ్వలురా?"

వినపడనట్టు మగ్గం దగ్గరికి వెళ్లిపోయాను.

మే నెల, మిట్టమధ్యాహ్నం పెళ్లి. మొదటి తువ్వాలు చైర్మన్ గారికే పెట్టారు. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు.

"మస్తు మెరుస్తున్నది. ఎవరు చేసిండ్రు?"

మామ నోరు తెరిచేలోగా నేను ముందుకు దూకాను. "నేనే సాహెబ్. ఎవ్వరి సాయం లేకుంట చేసిన!"

చూశారా, తర్వాత తప్పు తోయడానికి ఒక్క మనిషినైనా మిగుల్చుకోలేదు.

చైర్మన్ గారు సంతోషంగా మొహం తుడుచుకున్నారు. ఆయన్ని చూసి షావుకార్లూ చెమటలు తుడుచుకున్నారు. పెళ్లికొడుకు తండ్రి చెవులు, మెడ కూడా వదలకుండా తుడుచుకున్నాడు.

"అరే దేవా! రంగపంచమి పోయి రెండు నెలలాయె గదా!" అని ఎవరో అరిచారు.

"మొగపిల్లగాని తరఫోళ్లకు చేసే మర్యాద ఇదేనా?" అని వియ్యంకుడు లేచాడు. అన్ని ఎర్రటి మొహాల మధ్య మామ మొహం ఒక్కటే తెల్లబోయింది.

నేను గోడలో కలిసిపోదామని చూస్తున్నాను. మామ చేతులు జోడించాడు. "తప్పు నాది. పిల్లగానికి పని అప్పజెప్పిన గని, పోయి చూడలే."

ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పటికీ తలుచుకుంటే చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

చైర్మన్ గారు సబ్బుతో మొహం రుద్దుకుంటూ నావైపు తిరిగారు. "సంతకం పెడ్త. నిన్ను చూసి గాదు, రాజేశంను చూసి. ఈయన సరే అనకుంట నీ ఇంట్ల నుంచి ఒక్క టవల్ బయటికి రావద్దు."

"ఎప్పుడు పెడ్తరు సాహెబ్?"

"ఈ మొకం పెట్టుకొని ఆఫీసుకు ఎట్ల పోవాల్రా? రంగు దిగినంక!"

నూలు మీద ఒక్క పూట నిలవని రంగు, చైర్మన్ గారి మొహం మీద ఎనిమిది రోజులు నిలిచింది. నేను వేసిన పక్కా రంగు అదొక్కటే. ఆ ఎనిమిది రోజులూ పొద్దున్నే ఆయన వాకిట్లో నిలబడి, ఏ మేరకు దిగిందో చూసి వచ్చేవాణ్ణి. అప్పుడే కులదేవుడి మీద ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో మళ్లీ ఎవరి సాయమూ లేకుండా పైకి రాను గాక రాను.