పక్కింటి భాగం

పోయిన శుక్రవారం తెల్లవారగానే ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. "మీ ఆపా పోయిందమ్మా" అన్నాడు ఆమె భర్త.

నంద్యాలలో ఏడేళ్లు మా పక్కింట్లో ఉండి, రెండేళ్ల కిందట ఆళ్లగడ్డకు మారిన కుటుంబం వాళ్లది. ఆపా అంటే అక్క; నేనామెను అలాగే పిలిచేదాన్ని. చీరల మీద మగ్గం పని చేసుకునేందుకు బెంగాల్ నుంచి వచ్చారు. వాళ్లూ ముస్లిములే, మేమూ ముస్లిములమే. అయినా మా వీధికి వాళ్లు "హిందీవోళ్లు".

"నాకు హిందీ యాడొచ్చు చెల్లే? మాది బంగ్లా" అని నవ్వేది ఆపా.

అందరికంటే ముందు నాకు అర్థం కావాల్సిన మాట అది. మాది దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే. కొత్తకోడలిగా నంద్యాల వచ్చినప్పుడు ఒక విందులో ఆడవాళ్లు "ముసల్మానువై ఉర్దూ రాదా? మీరసలు మనోళ్లేనా?" అన్నారు. ఆ రోజు తినకుండా లేచి వచ్చాను.

ఆపా ఆవనూనెతో వండేది. వాసనకు నేను కిటికీ మూస్తే, "మూసుకో, మూసుకో! రేపు జలుబు చేస్తే ఈ నూనే కావల్ల నీకు" అని అటునుంచి అరిచేది. జలుబు చేసినప్పుడు తనే వచ్చి వీపుకు రాసేది. బస్సు బోర్డులు చదవాలని ఆమెకు కోరిక. మధ్యాహ్నాలు మా అరుగు మీద కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించాను.

నాకు ప్రతిదీ రాసుకునే అలవాటు. బక్రీదుకు కుర్బానీ మాంసం మూడు భాగాలు చేస్తాం: ఇంటికి ఒకటి, బంధువులకూ ఇరుగుపొరుగుకూ ఒకటి, లేనివాళ్లకు ఒకటి. ఎవరికి పంపాలో నోట్‌బుక్కులో జాబితాలు రాసేదాన్ని. ఆపా ఇల్లు లేనివాళ్ల జాబితాలో ఉండేది. వాళ్లు లేనివాళ్లేమీ కారు. మనవాళ్లు కారు అని రాసుకోవడానికి వేరే జాబితా లేదు, అంతే.

ఒక బక్రీదునాడు నేను పొట్లాలు కడుతుంటే ఆపా వచ్చి, తెరిచి ఉన్న నోట్‌బుక్కు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. మూడో జాబితా దగ్గర వేలు ఆగింది. తన పొట్లం తీసుకుని వెళ్లిపోయింది.

మరుసటి ఏడు వాళ్లూ కుర్బానీ ఇచ్చారు. మా ఇంట్లో ఇంకా పొట్లాలు కట్టకముందే ఆపా గిన్నెతో వచ్చింది.

"ఇది పక్కింటి భాగం చెల్లే. లేనోళ్లది వేరే పంపించినా."

గొంతులో కోపం లేదు. తప్పయింది ఆపా అని, పేరు సరైన చోట రాస్తే సరిపోయేది. నేను ఆ నోట్‌బుక్కే దాచేశాను. కొత్తదాంట్లో ఆమె పేరు ఎక్కడా రాయలేదు. వాళ్లు ఊరు మారాక ఒక్కసారి కూడా చూడ్డానికి పోలేదు. ఆళ్లగడ్డ నేను పుట్టిన ఊరే.

శుక్రవారం మొదటి బస్సుకు వెళ్లాను. వంటింటి వెనక కడసారి స్నానానికి నీళ్లు కాగుతున్నాయి. చేయించే పెద్దామెకు సాయం ఒక్కతే ఉంది. నేను చెంబు అందుకున్నాను.

"నువ్వేమైతావమ్మా ఈమెకు?" అంది పెద్దామె.

"పక్కింటిదాన్ని."

"యాడ పక్కిల్లు? ఆ పక్క గోడౌను, ఈ పక్క నేనుండా." నన్ను ఎగాదిగా చూసింది. "ఓ, ఆ గోడ మీద నంబరు నీదేనా? పొద్దున ఆయప్ప మొదట దానికే చేసినాడు."

తలెత్తి వంటింట్లోకి చూశాను. పొయ్యిగట్టు పైన, పెన్సిలుతో, నేను దిద్దించిన వంకర అక్షరాల్లో, 'పక్కిల్లు' అని ఉంది. దాని కింద నా నంబరు.